ఎడమవైపు సైడ్‌కారు

మోటారు సైకిలుకు సైడ్‌కారు బిగించడం ఇప్పుడు ఎవరికీ అక్కర్లేని పని. మీ వయసు వాళ్లు దాన్ని ఏ పాత సినిమాలోనో చూసి ఉంటారు, అంతే. నాచారం షెడ్డులో ఉన్నన్నాళ్లూ నేను చాలా బిగించాను. వాటి యజమానుల్లో చాలామంది ముఖాలు కూడా గుర్తులేవు. ఒక్కటి మాత్రం బోల్టు బోల్టూ గుర్తుంది. పనిలో కొత్తగా చేరిన పిల్లలు మీరు చేసినవాటిలో కష్టమైన పని ఏదని అడిగినప్పుడల్లా నేను చెప్పేది దాని గురించే.

అప్పటికి నాకు ఏ పనిలోనూ కాలు నిలిచేది కాదు. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు పని నేర్చుకుంటూ మధ్యలో వదిలేశాను. ఒక సబ్బుల కార్ఖానాలో చేరి, ఆ వాసన పడక మానేశాను. మా పొలం పరిశ్రమల కింద పోయింది. తాను దున్నిన చేలోనే ఎవరో గోదాము కడితే మా నాన్న దానికే కాపలాదారుగా కుదిరాడు. రోజూ పొద్దున్నే లాఠీ పట్టుకుని తన చేలోకి తానే డ్యూటీకి పోతుంటే చూడలేకపోయేవాణ్ని. ఎటైనా పోవాలి. బొంబాయి పోవాలి. అక్కడ ఏం చేస్తానో తెలియదు కానీ ఇక్కడ ఉండకూడదు. అలా ఒక కాలు గడప బయట పెట్టుకునే ఉప్పల్ నుంచి నాచారం పోయే దారిలో ఉన్న రేకుల షెడ్డులో పనికి చేరాను.

షెడ్డు ఉస్తాద్‌ది. పటాలంలో మోటారు మెకానిక్‌గా చేసి వచ్చిన మనిషి. కోపం వస్తే అరవడు, చేతిలో పానా కింద పెట్టేసి చాయ్ తాగడానికి పోతాడు. ఆయన చాయ్‌కి పోతే మాకు భయం. మా ఇద్దరితో పాటు రామంతాపూర్ నుంచి వచ్చే వెల్డరన్న ఉండేవాడు. చెయ్యి మంచిది, నోరు ఆగదు.

ఒక రోజు ఎడ్లబండి మీద ఒక మోటారు సైకిలు వచ్చింది. దూర ప్రయాణాల కోసం తయారైన ఇంగ్లండు బండి, రెండు సిలిండర్లది. అంత బరువైన బండిని నేను దగ్గరగా చూడడం అదే మొదలు. ఏడాదికి పైగా కదలలేదేమో, టైర్లు గాలి పోయి చతికిలబడ్డాయి. దాని వెనక ఒకాయన నడిచి వచ్చాడు. ఉప్పల్ రోడ్డులోని ఒక పరిశోధనా సంస్థలో ఇంజనీరు. కోస్తా మనిషి. నిలబడిన చోట నిలబడడు. షెడ్డులో అటూ ఇటూ తిరుగుతూ, కనిపించిన పనిముట్టునల్లా తీసి చూసి పెడుతూ మాట్లాడాడు.

"దీనికి సైడ్‌కారు బిగించాలి. నా భార్య వెనక సీటు మీద కూర్చోలేదు. ఘటకేసరు దగ్గర ఎద్దుబండిని తప్పించబోయి పడ్డాం. నాకేం కాలేదు. ఆమె ఎడమ మోకాలు నుజ్జయింది. ఎముకలు కలిపి బిగించేశారు. నడుస్తుంది, కాలు మాత్రం మడవదు. సైడ్‌కారు కూడా నేనే కొనేశాను. వెనక బండిలో వస్తోంది."

ఆ వెనక బండి వచ్చింది. మిలిటరీ వేలంలో కొన్నాడట. తుపాకి గుండులా నునుపుగా, చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. ఉస్తాద్ దాని చుట్టూ ఒకసారి తిరిగి, చక్రం పక్కన గొంతుకు కూర్చుని, లేచాడు.

"సార్, గిది కుడి పక్కకు కట్టేది. వేరే ముల్కులల్ల బండ్లు కుడి దిక్కు పోతయి, గందుకు. మనం ఎడమకు పోతం. గిది గట్లనే కడితే అమ్మ నడి రోడ్డు మీద కూసుంటది. ఎదురుంగ లారీ వస్తే ముందుగాల ఆమెకే."

"ఎడమవైపుకు మార్చలేరా?"

"కోసి అతికిస్తే ఎందుకు కాదు సార్?" అన్నాడు వెల్డరన్న. "ఒక దినం పని."

"చుప్," అన్నాడు ఉస్తాద్. "తలుపు ఇంజను దిక్కుకు వస్తది. గరం ఇంజను మీద కాలు వెట్టి ఎక్కుతదా ఆమె?"

ఇంజనీరు మొహం చిన్నబోయింది. వేలంలో ఇంకెవరైనా పాడుకుంటారేమోనని గాభరాగా కొనేశానని చెప్పి, ఇంజను సంగతి మాకు అప్పజెప్పి వెళ్లిపోయాడు.

మర్నాడు ఆమె రిక్షాలో వచ్చింది. బడిలో భూగోళం చెప్పే టీచరు. చేతికర్ర ఆనించి దిగి, తిన్నగా ఉన్న కాలును అర్ధచంద్రాకారంగా తిప్పుతూ నడిచి వచ్చి, ఆ సైడ్‌కారును చూసి భర్త వైపు తిరిగింది.

"నన్నడిగి ఉంటే ఈ పని జరిగేది కాదు. అందులో కూర్చునేది నేను కదా."

"ఆ ఎండలో, ఆ పాత ఇనుప సామాన్ల మధ్యకి నిన్నెలా తీసుకెళ్లను?"

"అంతకంటే దుమ్ములో మీ వెనక కూర్చుని అజంతా దాకా వచ్చాను. ఏడాదిగా ఇంటికీ బడికీ తిరుగుతున్నాను. పిల్లలకు పటం మీద పుల్ల పెట్టి నదులు చూపిస్తున్నాను. ఇక నావల్ల కాదు."

మొదటిసారి నాకు నాలాంటి మనిషి ఎదురైనట్టనిపించింది.

మరో సైడ్‌కారు వెదకడానికి ఉస్తాద్, నేను, వాళ్లిద్దరూ సికింద్రాబాదులో పాత మిలిటరీ సామాన్లు అమ్మే దొడ్డికి వెళ్లాం. ఎడమకు కట్టేవి కొన్ని ఉన్నాయి. ఇంజనీరు కళ్లు మళ్లీ నునుపైనదాని మీదే పడ్డాయి. ఉస్తాద్ చాసిస్‌లు తట్టి చూస్తున్నాడు. ఆమె మాత్రం ఒక్కొక్కదాని దగ్గరికీ వెళ్లి, ఎక్కి కూర్చోవాలని చూసింది. నునుపైనదానికి తలుపు లేదు. అంచు మీదుగా దాటాలి. దొడ్డి మనిషి చొరవగా ముందుకొచ్చాడు.

"ఫికర్ చెయ్యకు అమ్మా, ఇద్దరం పట్టి ఎత్తి కూసోబెడతం."

"నన్నెవరూ ఎత్తక్కర్లేదు," అంది ఆమె. కోపంగా కాదు, మామూలుగానే. కానీ ఆ తర్వాత ఎవరూ చెయ్యి అందించలేదు.

చివరికి ఒక మూల, కోడిగూడు మీద కప్పిన రేకు పెట్టెలా ఉన్నదాన్ని పట్టుకుంది. నేల తుప్పు పట్టింది, రంగు ఎప్పుడో పోయింది. కానీ ఎడమవైపు తలుపుంది, ముక్కు పొడుగ్గా ఉంది. ఆమె తలుపు తీసి, వెనక్కి తిరిగి సీటు మీద కూర్చుని, కాలును చేత్తో పట్టుకుని లోపలికి తిప్పుకుంది. ఆ కాలు పూర్తిగా చాచుకునే చోటుంది. తలుపు తానే వేసుకుంది. మళ్లీ తీసి దిగింది. మళ్లీ ఎక్కింది.

"ఇది," అంది.

"ఇంత అసహ్యంగా ఉంది," అన్నాడు ఆయన.

ఉస్తాద్ దాని కింద దూరి బయటకొచ్చి చేతులు దులుపుకున్నాడు. "చాసిస్ మంచిగున్నది సార్. మిగిలింది రేకే గద, రంగేస్తం."

బిగించే పని చెప్పి మిమ్మల్ని విసిగించను. నాలుగు చోట్ల బండికీ దానికీ సంబంధం కలపాలి. సైడ్‌కారు చక్రం ముందువైపు లోపలికి కొంచెం మొగ్గాలి. బండి మాత్రం దానికి దూరంగా, కుడికి ఇసుమంత వాలి నిలబడాలి. ఆ కొంచెం ఎంత అన్నదే మొత్తం పని. తక్కువైతే బండి ఎడమకు గుంజుతుంది, ఎక్కువైతే టైరు అరిగిపోతుంది. ఉస్తాద్ ఒక కన్ను మూసి చూసి చెప్పేవాడు. నేను దారం కట్టి కొలవాలన్నాను. వెల్డరన్న రెండూ తప్పేనని, రోడ్డు మీద పెడితే అదే తెలుస్తదని అన్నాడు. మా గొడవ మధ్యలో ఇంజనీరు రోజూ సాయంత్రం వచ్చి, బండి చుట్టూ తిరిగి, నిన్న అడిగిందే మళ్లీ అడిగి పోయేవాడు.

అసలు చిక్కు షెడ్డు నేలది. ఒక పక్కకు వాలింది. వాలు నేల మీద ఏం కొలిచినా అబద్ధమే. చుట్టుపక్కల సమతలంగా ఉన్న చోటు ఒక్కటే, మా నాన్న కాపలా కాసే గోదాము ముందున్న సిమెంటు గచ్చు. నాకు అక్కడికి పోవడం ఇష్టం లేదు. ఉస్తాద్ ఊరుకోలేదు. బండిని తోసుకుపోయాం. నాన్న గేటు తీసి, నేను గచ్చు మీద దారాలు కడుతుంటే పక్కన నిలబడి చూశాడు.

"ఈడ మెరక ఉండె బిడ్డా," అన్నాడు. "మీ తాత, నేను మస్తు తిప్పలు పడ్డం. సదును కాలే. వీళ్లు చేసిన్రు సూడు."

ఆ మాటలో బాధ ఉందా, మెచ్చుకోలు ఉందా అని ఇప్పటికీ ఆలోచిస్తాను. ఆ రోజు మాత్రం నేను తలెత్తకుండా బోల్టు బిగించాను. దారం చెప్పిన లెక్కకూ ఉస్తాద్ కన్నుకూ పెద్ద తేడా రాలేదు. ఎవరి మాట నెగ్గిందో తేలక ఇద్దరం కొంచెం నిరాశపడ్డాం.

మొదటి రోజు ఇంజనీరే నడిపాడు. ఆమె సైడ్‌కారులో కూర్చుంది. వరంగల్ రోడ్డు మీద కొంత దూరం పోయి వస్తామన్నారు. మేం ముగ్గురం ఉప్పల్ దాటాక రోడ్డు పక్కన నిలబడి చూస్తున్నాం. పోవడం బాగానే పోయారు. తిరిగి వస్తుండగా ఎడమ గట్టు మీద నుంచి గేదెల మంద రోడ్డెక్కింది. ఆయన గట్టిగా బ్రేకు వేశాడు.

రెండు చక్రాల బండి మీద ఎంత ఆరితేరిన వాడికైనా సైడ్‌కారు కొత్తే. బ్రేకు బండికే ఉంది, సైడ్‌కారుకు లేదు. బండి ఆగుతుంది, పక్కనున్నది ఆగకుండా ముందుకు తోస్తుంది. దాంతో మొత్తం కుడికి తిరుగుతుంది. అలవాటున్నవాడు హ్యాండిలును ఎడమకు పట్టి, బ్రేకు కొంచెం వదిలి సర్దుకుంటాడు. ఆయన పాత అలవాటు కొద్దీ ఒళ్లు వాల్చాడు. బండి రోడ్డును అడ్డంగా దాటింది. ఎదురుగా వస్తున్న లారీ కీచుమని ఆగింది. దాని ముందు నుంచి దూసుకుపోయి అవతలి జొన్నచేలో పడ్డారు.

మేం పరుగెత్తాం. ఆమె సైడ్‌కారులో కూర్చునే ఉంది. ఒళ్లో విరిగిన జొన్న దంట్లు. ఒక్క దెబ్బ తగల్లేదు. ఆయన చేనులో కొంచెం దూరంగా నిలబడ్డాడు. చేతులు జేబులో పెట్టుకున్నాడు, తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు.

"విప్పేయండి," అన్నాడు. "రెండూ అమ్మేయండి. రెండోసారి చంపబోయాను."

ఆమె ఏదో అనబోయింది. ఆయన వినకుండా ఊరి వైపు నడిచి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఆయన షెడ్డుకు రాలేదు. బండి మూల పడి ఉంది. విప్పమంటారా అని నేనడిగితే ఉస్తాద్ ఒప్పుకోలేదు. "కట్టుమన్నది ఇద్దరు. ఇప్పుమన్నది ఒక్కడు. ఆమె కూడ చెప్పనీ." ఎటైనా పొమ్మని నాకు మళ్లీ కాళ్లు గుంజసాగాయి. పనులన్నీ ఇలాగే ముగుస్తాయనిపించింది. బొంబాయి పోతున్నానని ఉస్తాద్‌తో చెప్పేశాను. ఆయన పానా కింద పెట్టి చాయ్‌కి పోయాడు.

ఆయన తిరిగి రాకముందే ఆమె రిక్షా దిగింది. బండి దగ్గరికి నడిచి, చాలాసేపు చూసింది.

"ఇది ఆగినప్పుడు కాలు కింద పెట్టాల్సిన పని లేదు కదా?" అని అడిగింది.

"లేదమ్మా. మూడు చక్రాలాయె. దానంతట అదే నిలవడ్తది," అన్నాను.

"గేరు కుడి కాలితో వేస్తారు. క్లచ్చు చేతితో. అవునా?"

"అవునమ్మా."

"నా కుడి కాలు బాగానే ఉంది."

ఆమె ఏమడుగుతోందో అప్పుడు తట్టింది నాకు. వెల్డరన్నకు కూడా తట్టింది. అతని నోరు ఆగిపోవడం నేను చూడడం అదే మొదలు.

"వెనక బ్రేకు ఎడమ కాలితోని వెయ్యాలె గదమ్మా," అన్నాను.

"దాన్ని మార్చలేవా?"

"సార్ ఏమంటడు?"

"రెండు రోజులు మాట్లాడలేదు. నిన్న మాట్లాడారు. నేను ఇంక నడపలేను, నువ్వు నడుపుతానంటే ఆపలేను అన్నారు. ఒక షరతు పెట్టారు. నేను రోడ్డెక్కే మొదటి రోజు తాను పక్కన కూర్చుంటారట. ఏదైనా అయితే ఇద్దరికీ అవ్వాలట."

ఉస్తాద్ చాయ్ తాగి వచ్చి అంతా విన్నాడు. ఆయన ఏమంటాడోనని నేను చూస్తున్నాను. గడ్డం గోక్కుంటూ బండి చుట్టూ తిరిగాడు.

"సీటు జర కిందికి తీయాలె," అన్నాడు.

తర్వాతి రోజులు నాకు ఎలా గడిచాయో తెలియదు. వెనక బ్రేకును చేత్తో పట్టే పిడికి కలిపాం. మడవని కాలు ఆనించడానికి బండినీ సైడ్‌కారునూ కలిపే ముందు కడ్డీ మీదే వెల్డరన్న చిన్న పలక అతికించాడు. సరిపోలేదని కోసి మళ్లీ అతికించాడు, మళ్లీ కోశాడు. సైడ్‌కారు చక్రానికీ ఒక బ్రేకు పెట్టాం. మడవని కాలి మీద నిలబడి కిక్కు మాత్రం ఆమె కొట్టలేకపోయింది. దానికి మా దగ్గర ఉపాయం దొరకలేదు.

నాచారంలో కార్ఖానాల కోసం రోడ్లు వేసి వదిలేసిన ఖాళీ ప్లాట్లుండేవి. సాయంత్రం బడి అయ్యాక ఆమె అక్కడికి వచ్చేది. టైలరు చేత ప్యాంటు కుట్టించుకుంది, దాని మీద మోకాళ్ల దాకా చొక్కా. బండికి కుడివైపు నిలబడి, మంచి కాలి మీద బరువు వేసి, మడవని కాలును సీటు మీదుగా తిప్పి ఎక్కేది. నేను కిక్కు కొట్టి సైడ్‌కారులో కూర్చునేవాణ్ని. షిఫ్టు దిగిన కార్మికులు గుంపుగా నిలబడి చూసేవారు. ఒకడు ఈల వేశాడు. ఆమె బండిని సరిగ్గా వాడి ముందుకు తీసుకుపోయి ఆపింది.

"దారి ఇస్తావా నాయనా? ఆపడం ఇంకా సరిగ్గా రాదు నాకు."

వాడు తప్పుకున్నాడు. మర్నాటి నుంచి ఎవరూ ఈల వేయలేదు.

ఆమె వాల్చలేదు, ఒరగలేదు. ఆయనకున్న పాత అలవాట్లేవీ ఆమెకు లేవు. బండి ఏం చేస్తే దానికి తగ్గట్టు పట్టడమే. నాకంటే త్వరగా నేర్చుకుంది. ఒప్పుకోవడానికి నాకు కొంచెం కష్టంగానే ఉండింది.

రోడ్డెక్కే రోజు వచ్చింది. ఆదివారం పొద్దున ఆయన వచ్చాడు. గడ్డం గీసుకున్నాడు, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, పెళ్లికి పోతున్నట్టు. తానే కిక్కు కొట్టి, తలుపు తీసుకుని సైడ్‌కారులో కూర్చున్నాడు. నేను వెనక సీటు మీద. ఏదైనా అయితే అందుకోవడానికని నన్ను ఎక్కించారు. అక్కడ కూర్చుని నేను అందుకోగలిగిందేమీ లేదని ఎక్కాక తెలిసింది.

ఉప్పల్ దాటాం. ఆయన కాళ్లు లోపల ఊరుకోవడం లేదు. లేని బ్రేకును తొక్కుతున్నాడు. రెండు చేతులతో అంచు పట్టుకున్నాడు. ఆమె ఆయన వైపు చూడలేదు. మేడిపల్లి దాటాక ఆయన, "కొంచెం నెమ్మదిగా," అన్నాడు. ఇంజను చప్పుడులో ఆమెకు వినిపించిందో లేదో తెలియదు. తగ్గించలేదు.

ఘటకేసరు ముందర ఒక వంపుంది. అక్కడే పడ్డారని నాకు ఎవరూ చెప్పలేదు. ఆయన వీపు బిగుసుకోవడం చూసి తెలుసుకున్నాను. ఆ వంపులోకి తిరిగేసరికి గడ్డి వేసుకున్న ఎడ్లబండి అడ్డంగా ఉంది. ఒక ఎద్దు కూలబడింది, బండివాడు దాన్ని లేపుతున్నాడు.

ఆమె బ్రేకు పట్టింది. పక్క చక్రానికి బ్రేకున్నా బండి కొంచెం కుడికి లాగింది. ఆమె చేతులు ఎడమకు వెళ్లాయి. బ్రేకు వదిలి మళ్లీ పట్టింది. మెల్లగా, చాలా మెల్లగా గడ్డి వెనక వచ్చి నిలబడ్డాం. ఆయన చెయ్యి చాచితే గడ్డి అందేంత దగ్గర.

ఇంజను ఆగిపోయింది. కాసేపటికి ఆయన తలుపు తీసుకుని దిగాడు. ఇక వెనక్కి తిరిగి పోదామంటాడనుకున్నాను. ఆయన వెళ్లి బండివాడితో కలిసి ఎద్దును లేపాడు. ఇస్త్రీ చొక్కా అంతా దుమ్ము. తిరిగొచ్చి కిక్కు కొట్టాడు. సైడ్‌కారులో కూర్చుంటూ ఆమెను అడిగాడు.

"భువనగిరి దాకా పోదామా?"

ఆమె అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే గేరు వేసింది.

ఎండాకాలం సెలవుల్లో వాళ్లు దక్షిణానికి పోయారు, సముద్రం అంచు వెంట. ఆ తర్వాత ఏటా ఎటో ఒకవైపు పోయేవారు. పోయే ముందు బండి మా దగ్గరికి వచ్చేది, వచ్చాక మళ్లీ వచ్చేది. ఆయన పటం చూసి దారి చెప్పేవాడట, ఎప్పుడూ తప్పే చెప్పేవాడట. నన్ను బొంబాయి ఎప్పుడు పోతున్నావని ఉస్తాద్ ఆ తర్వాత అడగలేదు, నేనూ చెప్పలేదు. ఉస్తాద్ పోయాక షెడ్డు నేను చూసుకున్నాను. ఉండిపోవాలని ఎప్పుడూ నిర్ణయించుకోలేదు. ప్రతి ఏడూ పోవాలనే అనుకున్నాను. ఆ అనుకోవడం లోపల ఇప్పటికీ పూర్తిగా చావలేదు.

కొన్నేళ్ల తర్వాత, వానలు వెలిసిన ఒక ఉదయం బండి చప్పుడు వినిపించి బయటికొచ్చాను. ఆమె ఒక్కతే వచ్చింది. కిక్కు ఎవరు కొట్టారని అడగబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయాను. ఆయన పోయి నెల దాటిందని చెప్పింది. నిద్రలోనే పోయాడట. నేను కుర్చీ తేబోతే ఆమె వద్దన్నట్టు చెయ్యి ఊపింది.

"పని మీద వచ్చాను. ఎడమకు తిరిగినప్పుడల్లా సైడ్‌కారు పైకి లేస్తోంది. ఎందుకు?"

"ఖాళీగ ఉన్నది గదమ్మా. పక్కన బరువు లేకుంటే చక్రం నేల విడుస్తది. ఏదన్న బరువు వెట్టాలె."

"అయితే పెట్టు. పై వారం హంపీ పోతున్నాను. కిక్కు కొట్టేవాళ్లు దారిలో ఎవరో ఒకరు దొరుకుతారు."

సిమెంటు సంచుల్లో ఇసుక నింపి, మూతి కుట్టి, సైడ్‌కారు నేల మీద వరసగా పేర్చాను. బండి మీద కూర్చున్న ఆమె ఎడమకు ఒరిగి, ఒక చేత్తో అంచు పట్టుకుని ఊపి చూసింది. కదిలింది.

"ఇంకొకటి వెయ్యి," అంది. "ఆయన ఇంతకంటే బరువు."